మామ్మగారి వాకిట్లో మెలికల ముగ్గు

నా చిన్నప్పుడు మేం బెజవాడ పటమటలో, బందరు కాలవకి దగ్గర్లో ఒక పెంకుటింట్లో అద్దెకుండేవాళ్లం. మా నాన్నది సముద్రం ఒడ్డు ఊరు. చేపల వేట వదిలేసి, ఐసు ఫ్యాక్టరీలో పనికి కుదిరి ఇటు వచ్చేశాడు. ఆయన చెల్లెలు, మా అత్త, అక్కడే ఉండిపోయింది. ఉప్పెన వచ్చిన ఏడు ఆమె భర్తనీ, ఒక్కగానొక్క కూతుర్నీ నీళ్లు తీసుకుపోయాయి. మావయ్య శవం తుమ్మచెట్లలో దొరికింది. పాప దొరకలేదు. నాన్న వెళ్లి అత్తని మా ఇంటికి తీసుకొచ్చాడు.

అత్త ఏడవలేదు. మాట్లాడనూ లేదు. అమ్మ అన్నం కలిపి నోటి దగ్గర పెడితే ఓ ముద్ద మింగి మొహం తిప్పుకునేది. చూడవచ్చినవాళ్లంతా పక్కన చేరి, "ఊరుకో అమ్మా, రాసిపెట్టి ఉంది" అనేవాళ్లు. అసలు ఏడవని మనిషిని ఊరుకోమనడం ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు. మధ్యాహ్నం పూట అత్త చెప్పకుండా లేచి కాలవ గట్టు మీదికి పోయి, నీళ్లకేసి చూస్తూ నిలబడేది. అమ్మ హడలిపోయి నన్ను బడి మానిపించి, ఆమెని కనిపెట్టుకుని ఉండమంది. నాకు భయం వేసేది. ఆమె నిజంగా కాలవలోకి దిగితే నేనేం చెయ్యగలను?

అంతలో ధనుర్మాసం వచ్చింది. వీధంతా ముగ్గులు, గొబ్బెమ్మలు. మా వాకిలి ఒక్కటే బోసిగా ఉండేది. ఇంట్లో ఆడబిడ్డ అలా కూర్చుని ఉంటే ముగ్గు వెయ్యడానికి అమ్మకి చేతులు రాలేదు.

ఒక పొద్దున పక్కింటి మామ్మగారు వచ్చారు. అందరిలా పక్కన కూర్చోలేదు, ఓదార్చలేదు. గుమ్మంలో నిలబడే, "అమ్మాయ్, మా కోడలు పురిటికి పుట్టింటికెళ్లింది. నాకేమో చేతులు వణుకుతున్నాయి. నెల పట్టాక వాకిలి బోసిగా ఉంచలేను. కాస్త వచ్చి ముగ్గు వేసిపెడుదూ" అన్నారు అత్తతో. అమ్మ తెల్లబోయింది. అత్త మాత్రం కాసేపు ఆవిడ చేతులకేసి చూసి, లేచి వెళ్లింది.

కళ్లాపి చల్లిన నేల మీద మామ్మగారు చెప్పినట్టే చుక్కలు పెట్టింది. మెలికల ముగ్గు అది. గీత ఒక్కో చుక్కనీ చుట్టుకుంటూ ఎక్కడా తెగకుండా వెళ్లి, మొదలుపెట్టిన చోటే కలవాలి. అత్త వేళ్ల మధ్య నుంచి పిండి ముద్దలు ముద్దలుగా రాలింది. గీత తెగింది. మామ్మగారు అరుగు మీద నుంచే, "మొత్తం చూడకమ్మా, కళ్లు తిరుగుతాయి. చేతికింద ఉన్న చుక్క చూడు. నెమ్మదిగా ఊపిరి వదులుతూ తిప్పు. ఆ తర్వాత దాని పక్కది" అన్నారు. అంతే.

ఎదురింటావిడ ఊరుకోలేదు. "భర్త పోయిన మనిషి చేత వాకిట్లో ముగ్గేమిటండీ మామ్మగారూ?" అని గట్టిగానే అడిగింది. అత్త చెయ్యి ఆగిపోయింది. "వాకిలి నాది. మంచైనా చెడైనా నాకే వస్తుందిలే" అన్నారావిడ. అత్త మళ్లీ వంగింది.

అలా రోజూ వెళ్లేది. ముగ్గు వేస్తున్నంతసేపూ ఆమె ఊపిరి నాకు వినిపించేది, నిద్రపోతున్న మనిషి ఊపిరిలాగా. ఒకనాడు మామ్మగారు అరుగు మీద కూర్చుని, కళ్లజోడైనా లేకుండా సూదిలో దారం ఎక్కించడం చూశాను. చెయ్యి ఇసుమంతైనా వణకలేదు. పరిగెత్తుకెళ్లి అమ్మకి చెప్పాను. "తెలుసులే, నోరు మూసుకో" అంది అమ్మ.

పండగ ఇంకా రాకముందే అది జరిగింది. గీత చివరి మలుపులో అత్త చెయ్యి ఒక మూల చుక్క దగ్గర నిలిచిపోయింది. "మా పిల్ల ఎప్పుడూ ఈ చుక్క వదిలేసేదండీ" అంది. మా ఇంటికి వచ్చాక ఆమె గొంతు వినడం అదే మొదటిసారి. మామ్మగారు అరుగు దిగి వచ్చి, "ఏదమ్మా?" అన్నారు. అత్త వేలితో చూపించింది. చూపించి, ఆ తడినేల మీదే కూలబడి ఏడ్చింది. వీధిలో అందరూ బయటికొచ్చి చూసేలా ఏడ్చింది. ఆవిడ ఊరుకోమనలేదు, పక్కన చతికిలబడి వీపు మీద చెయ్యి వేసి ఉంచారు.

దాంతో అత్త కోలుకుందని చెప్పను. అన్నం తినడం మొదలుపెట్టింది, కాలవ వైపు వెళ్లడం మానేసింది. ఎండాకాలంలో తన ఊరికి తిరిగి వెళ్లిపోయి, ఎండు చేపలు అమ్ముకుంటూ ఒంటరిగా బతికింది. పోయేదాకా ఆమె నవ్వడం నేను చూడలేదు. పాప జాడ తెలియనే లేదు.

ఇప్పుడు నాకు మామ్మగారి వయసు వచ్చింది. చావు జరిగిన ఇళ్లకి వెళ్లక తప్పదు. అక్కడ నాకు ఓదార్పు మాటలు రావు. కాస్త ఆగి, ఆ మనిషినే ఏదో ఒక చిన్న సాయం అడుగుతాను, సూదో దారమో వెతికి తెచ్చిపెట్టమని. కొందరు నన్ను మొరటుదాన్ననుకుంటారు. అనుకోనీ. వాళ్లు లేచి, వెతికి, ఆ వస్తువు తెచ్చి నా చేతిలో పెట్టేదాకా ఎదురుచూస్తాను.