బుధవారం పొద్దుటి డెలిగేట్లు

మా ఆఫీసులో డెస్క్ పెద్దావిడ పోయారని శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళ అమ్మాయి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టింది. ఆవిడ ఉద్యోగం మానేసి రెండేళ్ళు కూడా కాలేదు. మెసేజ్ రెండుసార్లు చదివి ఫోన్ బోర్లించేశాను. ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆవిడతో చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది.

సింగపూర్‌లో, పాయా లేబర్ అనే పేటలో మాది పత్రికలకు ఎన్నికల అంకెలు అందించే చిన్న ఆఫీసు. అమెరికాలో పార్టీలు అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే నెలల్లో, ఏ రాష్ట్రంలో ఎవరికి ఎంతమంది డెలిగేట్లు, అంటే పార్టీ సభలో అభ్యర్థికి ఓటేసే ప్రతినిధులు, వచ్చారో కూడి పంపడం మా పని. సగానికి మించి ఎవరికొస్తే పార్టీ టికెట్ వాళ్ళది. అక్కడ మంగళవారం రాత్రి లెక్కింపు అంటే ఇక్కడ బుధవారం పొద్దున. ఆవిడ ఊరి ఆ చివర వుడ్‌ల్యాండ్స్ నుంచి మొదటి ట్రైన్‌కే వచ్చేసి, ఆఫీసు కింద తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పడేసి మా ఇద్దరికీ టేబుల్ చోప్ చేసి, అంటే ముందే మాదని పట్టి ఉంచేవారు.

“టేబుల్‌ని చోప్ చెయ్యొచ్చు లా, డెలిగేట్‌ని చెయ్యకూడదు,” అనేవారు కోపి ఊదుకుంటూ. “రానివాణ్ణి వచ్చాడని రాయకమ్మా.”

ఆవిడ మలేషియాలో పుట్టిన తెలుగావిడ. తాతలది శ్రీకాకుళం వైపట, ఆ ఊరు ఆవిడ ఎన్నడూ చూడలేదు. మాటల్లో తమిళం, మలయ్ దొర్లుతూ ఉండేవి; కాఫీ కోపి అయ్యేది, మాట చివర ఊరికే ‘లా’ చేరేది. నా విజయవాడ యాస విని “నీది రేడియో తెలుగు” అని ఏడిపించేవారు. నేను ఆంటీ అనేదాన్ని.

ఎవరికీ కట్టుబడని డెలిగేట్లు కొందరుంటారు. వాళ్ళెటువైపో ఫోన్ చేసి అడగాలి. ఆ ఫోన్లు ఆవిడ ఇంకెవరికీ వదిలేవారు కాదు. ఒకసారి ఏదో చిన్న ఊళ్ళో ముసలామె, “సింగపూర్‌లో కూర్చున్నదానివి, నేనెటో నీకెందుకమ్మా?” అందట. “మీరు లెక్కలో ఉన్నారు కదా, అడక్కుండా ఎలా రాస్తాను?” అన్నారట ఈవిడ. ఆ తర్వాత ఇద్దరూ మోకాళ్ళ నొప్పుల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. చివరికి ఆమె “చూద్దాం” అంది. ఆంటీ ఆమె పేరు పక్క గడి ఖాళీగా వదిలేశారు. “చూద్దాం అన్నవాళ్ళు ఇంకా ఎవరివాళ్ళూ కాదు” అన్నారు నాతో.

షీట్ పంపేముందు అంకెలు ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు కాగితం మీద సరిచూడాలి. ఆ తర్వాతే ఆవిడ పొడి సంతకం. అది లేకుండా ఏ షీటూ బయటికి వెళ్ళకూడదు.

ఒక బుధవారం ఆవిడ లోపలి గదిలో ఫోన్‌లో ఉన్నారు. పత్రికలవాళ్ళు తొందరపెడుతున్నారు. నేను చేరి నాలుగు నెలలు, ఇంకా ప్రొబేషన్. ఉద్యోగం పోతే వర్క్ పాస్ పోతుంది, పాస్ పోతే పెట్టె సర్దుకోవడమే. ఆలస్యం చేశానన్న మాట పడకూడదని, ఆవిడ పొడి సంతకం నేనే గీకేసి షీట్ పంపేశాను. అందులో, ఓట్లను బట్టి పంచాల్సిన ఒక రాష్ట్రంలో డెలిగేట్లందరినీ గెలిచినవాడి కిందే రాసేశాను. కాగితం మీద అతను సగం దాటేశాడు. ఒక పత్రిక టికెట్ ఖాయమని వేసేసింది కూడా.

తప్పు బయటపడగానే మేనేజర్ ఇద్దర్నీ పిలిచి షీట్ ఆవిడ ముందు పెట్టాడు. ఈ సంతకం మీదేనా అని అడిగాడు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, చాలాసేపు చూశారు. నా వైపు మాత్రం తిరగలేదు.

“నాదే. చూసే పెట్టాను,” అన్నారు.

ఆ నెలలోనే సంతకం బాధ్యత తీసేసి ఆవిడను ఫుట్‌బాల్ స్కోర్ల మీద వేశారు. ఆవిడ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. “ఆంటీ, ఆ రోజు...” అని నేను ఎన్నిసార్లు మొదలుపెట్టినా, “మకాన్ అయ్యిందా? తిన్నావా లేదా?” అని మాట మార్చేవారు. పోనీలే, ఆవిడకే వినాలని లేదు అని సరిపెట్టుకున్నాను. పిరికితనానికి అంతకన్నా మంచి సాకు దొరకదు.

శనివారం చివరిచూపుకి వెళ్తే, వాళ్ళ అపార్ట్‌మెంట్ బ్లాక్ కింద, పూలదండల పక్కన, వాళ్ళ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. “మమ్ ఆల్వేస్ సెడ్, ఓన్లీ యూ చెక్ ప్రాపర్లీ లా,” అంది. నా అంత జాగ్రత్తగా సరిచూసేవాళ్ళు లేరని ఆవిడ ఇంట్లో చెప్పేవారట. అక్కడ కూడా నేను తల ఊపి ఊరుకున్నాను.

అందుకే ఇప్పుడు మీకు చెబుతున్నాను. ఆ సంతకం ఆవిడది కాదు, నాది. అడక్కుండా ఒక్క అంకె రాయని మనిషి నా కోసం అబద్ధమాడింది. ఈ ఊళ్ళో నేనింకా ఉన్నానంటే ఆ ఒక్క మాట వల్లే.

ఆ రోజు మేనేజర్ గదిలోంచి వచ్చాక ఆవిడ తన బల్ల దగ్గరికి వెళ్ళలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. అదే షీట్ మా ఇద్దరి మధ్యా పరిచారు. “మొదటి రాష్ట్రం నుంచి చదవమ్మా, వింటాను,” అన్నారు. ఆవిడ తొందరపెట్టలేదు. పెన్సిల్ మొన మొదటి గడి మీద ఆనించి, తల వంచి, నేను మొదలుపెట్టేదాకా అలాగే కూర్చున్నారు.