పద్నాలుగో లివరూ చిక్కుడుపాదూ

మా బావ ముప్పై ఒక్క ఏళ్లు రైల్వే సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసి ఒక్క మాట పడలేదు. ఈ సంగతి నాకెలా తెలుసంటే ఆయనే చెప్పాడు. పెళ్లిళ్లకు వెళ్లి చెప్పాడు, పరామర్శకు వెళ్లి చెప్పాడు, పన్ను పీకించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరు నోరు తెరవమంటే తెరిచి అదే చెప్పాడు. సర్వీసు పుస్తకం చివర రిమార్కుల పేజీ అని ఒకటి ఉంటుందట. మా బావది పాలలా తెల్లగా ఉందట.

"మంచి మాట కూడా ఎవరూ రాయలేదా బావా?" అని ఒకసారి అడిగాను.

"మంచిది రాసే అలవాటు వాళ్లకి లేదురా. తప్పుంటే రాస్తారు, లేకపోతే ఊరుకుంటారు. ఊరుకున్నారంటే అదే మెప్పు," అన్నాడు.

నేను షాపుల బోర్డులు రాసుకుని బతికేవాణ్ని. నా పనిలో ఒక్క అక్షరం వంకర పోతే దారిన పోయే ప్రతివాడూ ఆగి మరీ చెబుతాడు. అలాంటి నాకు ముప్పై ఒక్క ఏళ్లు ఎవరూ ఏమీ అనకపోవడం మెప్పు ఎలా అవుతుందో బోధపడలేదు. అయినా అక్క మొగుడు కదా అని తల ఊపాను.

ఆయన క్యాబిన్ పట్టాల పక్కన పదహారు మెట్ల మీద ఉండేది. మూడు షిఫ్టులకు ముగ్గురు మనుషులు. మూడువైపులా అద్దాల కిటికీలు. లోపల ఇరవైరెండు ఇనుప లివర్లు వరసగా నిలబడి ఉండేవి, ఒక్కొక్కటి ఛాతీ ఎత్తున. లివరు లాగితే దానికి కట్టిన వైరు పట్టాల పక్కనే చిన్న చిన్న కప్పీల మీద జారుకుంటూ వెళ్లి, ఎక్కడో దూరాన ఉన్న సిగ్నల్ చెయ్యిని కదిలిస్తుంది. అప్పుడు బండికి దారి దొరుకుతుంది. లివర్లకు పైన గోడ పొడవునా ఒక చెక్క పటం. అందులో పట్టాలన్నీ నల్లగీతలు, సిగ్నళ్లన్నీ ఎర్రచేతులు, వాటి పక్కన లివర్ల నంబర్లు. అది చూసుకుంటూ లాగాలి.

లివరు పిడిని ఉత్తచేత్తో ముట్టుకోకూడదు, చెమట తగిలితే తుప్పు పడుతుంది. అందుకని మా బావ భుజం మీద ఎప్పుడూ ఒక తుడుపుగుడ్డ ఉండేది. అది అలవాటై ఇంట్లో తలుపు గడియ తీయాలన్నా, కుళాయి తిప్పాలన్నా గుడ్డతోనే. క్యాబిన్ నేల అద్దంలా ఉండాలని ఎంతటివాడినైనా మెట్ల కిందే బూట్లు విప్పించేవాడు. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసరు బూట్లు విప్పితే, మేజోడులోంచి బొటనవేలు బయటికొచ్చి అందరినీ పలకరించింది. ఆ తర్వాత ఆయన మళ్లీ తనిఖీకి రాలేదు. రిమార్కుల పేజీ తెల్లగా ఉండటానికి అది కూడా ఒక కారణమని నా అనుమానం.

ఇంత సుఖంలోనూ ఆయనకు ఒక శత్రువు ఉండేది. పద్నాలుగో లివరు. ఏడాదిలో ఆరు నెలలు పువ్వులా వచ్చేసే ఆ లివరు మిగతా ఆరు నెలలు మొండికేసేది. కంప్లయింటు పుస్తకంలో ఏటా రాసేవాడు. ఫిట్టర్లు వచ్చి, క్యాబిన్ కిటికీలోంచి కనిపించినంత మేర కప్పీలకు నూనె వేసి, టీ తాగి వెళ్లేవాళ్లు. మా బావ భుజం పట్టుకుని ఇంటికొచ్చి, "ఇవాళ పద్నాలుగు చంపేసిందే," అనేవాడు. పద్నాలుగు పేరెత్తితే చాలు, మా అక్కకు సవతి పేరు విన్నట్టుండేది. భుజానికి మందు మాత్రం ఆవిడే రాసేది.

కొన్నాళ్లకు క్యాబిన్ మూసేస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. ఇక ఎక్కడో దూరాన ఒక గదిలో కూర్చుని మీటలు నొక్కుతారట. నెలాఖరు బండే ఆఖరిది. లివర్లు పాత ఇనుముకు పోతాయి, పటం మాత్రం రైల్వే మ్యూజియానికి వెళుతుంది. మా బావకు ఊళ్లోనే ఇంకో ఆఫీసులో కుర్చీ పని ఇచ్చారు కాబట్టి తిండికి లోటేమీ రాలేదు.

నెలాఖరు ఇంకా ఆరు రోజులుందనగా ఒక మధ్యాహ్నం ఆయన నా షాపుకు వచ్చి, తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"ఒరేయ్, నల్లరంగు ఉందా?"

"ఎంత కావాలి?"

"ఒక మూలకి సరిపడా."

ఏ మూలకి అని అడిగితే నీళ్లు నమిలాడు. మెల్లమెల్లగా విషయం బయటికొచ్చింది. మ్యూజియంలో నలుగురూ చూస్తారు కదా అని, ముప్పై ఒక్క ఏళ్లుగా పొడిగుడ్డతో మాత్రమే దులిపిన పటాన్ని ఆ పొద్దున కిరోసిన్‌తో తుడిచాడు. పటం మెరిసింది. కానీ ఎడమ మూల, మలుపు అవతల ఉన్న పట్టాలూ మూడు సిగ్నళ్లూ గుడ్డకు వచ్చేశాయి. ఆ గుడ్డ మడిచి జేబులో తెచ్చాడు. విప్పి చూపించాడు కూడా.

"ఆఫీసులో దీని నకలు ఉంటుంది కదా బావా, అడుగు."

"అడిగితే ఎందుకంటారు."

"చెప్పు."

"చెబితే రాస్తారు," అన్నాడు. ఇంకొకళ్లు ఉరి తీస్తారు అనే గొంతుతో అన్నాడు ఆ మాట.

"రోజూ సిగ్నల్ దీపాల్లో నూనె పోయడానికి అక్కడికి వెళ్లే లాంతర్ల ఆయన ఉన్నాడుగా, ఆయన్ని అడుగు."

"ఆయన నోట్లో నువ్వుగింజ నానదురా. సాయంత్రానికల్లా లైను పొడుగునా తెలిసిపోతుంది."

సరే, ముప్పై ఒక్క ఏళ్లు చూసిన పటమే కదా, నువ్వు చెప్పు నేను గీస్తాను అన్నాను. సాయంత్రం వాళ్లింట్లో బల్ల మీద కాగితం పరిచాం. మా బావ కళ్లు మూసుకుని చెప్పాడు. పదమూడు ముందు, పద్నాలుగు పట్టాలకు ఎడమవైపు. కాదు, కుడివైపు. పదిహేను మలుపు మీదే. కాదు, మలుపు దాటాక. మూడుసార్లు గీస్తే మూడు రకాలుగా వచ్చింది. బట్టలు మడతపెడుతున్న మా అక్కకు నవ్వాగలేదు.

"రోజూ చూసింది గుర్తులేదా మీకు?"

"రోజూ ఉండేదాన్ని ఎవరు చూస్తారే," అన్నాడు మా బావ.

అక్క మడతపెట్టడం ఆపింది. రెండు చేతులతో ముఖం కింది సగమంతా కప్పుకుంది. "నా పుట్టుమచ్చ ఏ చెంప మీదుందో చెప్పండి," అంది.

మా బావ నావైపు చూశాడు. నేను ఫ్యానువైపు చూశాను. తోడబుట్టినవాణ్నే గాని నాకూ తెలియదు.

"ఎడమ చెంప," అన్నాడు.

అక్క చేతులు తీసింది. మచ్చ గడ్డం మీద ఉంది. ఆ రాత్రి ఎవరి కంచం వాళ్లే కడుక్కున్నాం.

మర్నాడు మా బావకు సెలవు. ఇద్దరం మలుపువైపు నడక మొదలుపెట్టాం. అప్పుడు తెలిసింది, ఆయన ఇన్నేళ్లలో మలుపు అవతలికి ఒక్కసారి కూడా వెళ్లలేదని. డ్యూటీలో క్యాబిన్ వదలకూడదు, డ్యూటీ దిగితే ఇల్లు రెండోవైపు. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు, నా బ్రష్షులు వదిలి నేనెందుకు ఎండలో నడుస్తున్నానో నాకే తెలియలేదు. పటంలో జానెడున్న దూరం నేల మీద అరగంట పట్టింది.

"ఇక్కడ పట్టాలు తిన్నగా ఉండాలిరా. ఇంత వంపు ఉండకూడదు," అన్నాడు మా బావ, కోపంగా.

"పట్టాలకు చెప్పు బావా," అన్నాను.

పదిహేను దొరికింది. ఎదురుగా పదమూడు దొరికింది. రెండూ కాగితం మీద గీసుకున్నాను. పద్నాలుగు స్తంభం కూడా దూరంగా కనిపించింది, దాని దాకా వైరు పట్టుకుని నడుద్దామన్నాడు. కొంత దూరం వెళ్లాక వైరు పచ్చటి ఆకుల్లోకి దూరి మాయమైంది. అది చిక్కుడుపాదు. కప్పీల కర్రలే పందిరి, సిగ్నల్ వైరే ఊతం. ఇరవై అడుగుల మేర కాయలు గుత్తులుగా వేలాడుతున్నాయి.

మా బావ ముఖం కందగడ్డ అయింది. ఏటేటా రాసిన కంప్లయింట్లన్నీ ఆయన కళ్ల ముందు తిరిగి ఉంటాయి. పక్కనే ఉన్న ఇంట్లోంచి ఒక పెద్దావిడ బుట్టతో బయటికొచ్చింది.

"ఇది రైల్వే వైరు. దీని మీద పాదు పాకించడం నేరం, తెలుసా మీకు?" అన్నాడు మా బావ.

పెద్దావిడ బెదరలేదు. ఆయన భుజం మీది గుడ్డవంక చూసింది. "క్యాబిన్‌లో మనిషివా బాబూ?"

"అవును."

"ముగ్గురిలో ఎవరివి? ఏదీ, లాగి చూపించు."

"ఏం లాగాలి?"

"లివరయ్యా. ఉత్తినే, గాల్లో."

ఎందుకు లాగాడో ఆయనకే తెలియాలి. భుజం మీది గుడ్డ తీసి లేని పిడికి చుట్టాడు. ఎడమకాలు ముందుకు పెట్టాడు. కొంచెం లాగి, ఆగి, అప్పుడు పూర్తిగా లాగాడు.

ఆవిడ ముఖం విప్పారింది. "నువ్వేనా! మిగతా ఇద్దరూ ఒక్క గుంజు గుంజుతారు, పువ్వంతా రాలి కింద పడుతుంది. నువ్వు ముందు కాస్త కదిపి, ఆగి, తర్వాత లాగుతావు. నీ డ్యూటీలో ఒక్క పువ్వు రాలదు బాబూ. మీ లాంతర్ల ఆయనకి ఎప్పుడూ చెబుతాను, ఆ మెల్లగా లాగే ఆయనకి నా పేరు చెప్పి రెండు బుట్టలు ఇవ్వమని."

"బుట్టలా?" అన్నాడు మా బావ.

నాకు వెంటనే వెలిగింది. లాంతర్ల ఆయన ఏటా తన తోటవని చెప్పి అక్కకు చిక్కుళ్లు తెచ్చి ఇచ్చేవాడు. మా బావ లొట్టలేసుకుని తినేవాడు. ఆ చిక్కుళ్లు కాసిన ఆరు నెలలే పద్నాలుగు మొండికేసేది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఇన్నేళ్లూ ఈ గుట్టు దాచాడు. రెండు బుట్టల్లో మాకు చేరింది ఒకటే అన్న సంగతి వేరు.

"బావా, నీ భుజం నొప్పి నువ్వే తిన్నావు," అన్నాను.

ఆయన నా మాట వినలేదు. ఒక బండి వచ్చి వెళ్లేదాకా అక్కడే నిలబడి, సిగ్నల్ చెయ్యి సరిగ్గా లేచి సరిగ్గా పడుతోందో లేదో చూశాడు. పడింది. పాదు పీకించాలా వద్దా అని జేబులోని పెన్నును రెండుసార్లు తీసి రెండుసార్లు పెట్టుకున్నాడు.

"ఇంకో ఐదు రోజులేగా," అన్నాడు చివరికి. ఆయన ఒక తప్పును చూసీ చూడనట్టు వదిలేయడం నేనదే మొదటిసారి చూడటం. ఇంటి దగ్గరకొచ్చాక, "ఒక్క పువ్వు రాలదట్రా," అన్నాడు.

ఆ సాయంత్రమే, డ్యూటీలో ఉన్నాయన్ని బతిమాలుకుని, క్యాబిన్‌లో పటం సరిచేశాను. అయిపోయాక మా బావ నా చేతిలోంచి అన్నిటికన్నా సన్నని బ్రష్షు తీసుకుని, పద్నాలుగు పక్కన ఆకుపచ్చరంగుతో ఒక చిన్న మెలిక గీశాడు. ఇదేంటంటే, "ఉన్నది ఉన్నట్టు ఉండాలి," అన్నాడు. దొరికితేనే దొంగ, దొరక్కపోతే దొర అంటారు. ఈయన దొరలా బయటపడే అవకాశం ఉండి, వెతుక్కుని మరీ దొరికిపోయే దారి వేసుకున్నాడు.

ఆఖరిరోజుకు ముందురోజు మ్యూజియం ఆయన వచ్చాడు. నేనూ క్యాబిన్‌లోనే ఉన్నాను. బూట్లు విప్పాడు. చేతిలో ఆఫీసు నకలు. ఒక్కొక్క నంబరూ వేలు పెట్టి సరిచూసి, పద్నాలుగు దగ్గర ఆగాడు.

"ఇది నకలులో లేదే?"

"నేల మీద ఉందండీ," అన్నాడు మా బావ.

"ఏమిటిది?"

"చిక్కుడుపాదండీ."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. మంచివాడే. "చూడండి, నకలుకూ పటానికీ తేడా ఉంటే నేను రాయాలి. అది మీ సర్వీసు పుస్తకంలోకి వెళుతుంది. మీకు ఇంతవరకూ ఒక్క రిమార్కు కూడా లేదని కింద స్టేషన్లో నలుగురు చెప్పారు. కాస్త కిరోసిన్ పెట్టి తుడిచేయండి, పోతుంది. నేను చూడలేదనుకుంటాను."

నేను మా బావ కాలు తొక్కాను. గట్టిగానే తొక్కాను. ఆయన భుజం మీది గుడ్డ తీశాడు, దాన్ని చూశాడు, మడత పెట్టాడు, మళ్లీ భుజం మీద వేసుకున్నాడు.

"కిరోసిన్‌తో ఒకసారి తుడిచానండీ. ఆ మూలంతా పోతే మా బావమరిది మళ్లీ రాశాడు. ఇంకోసారి తుడవను. రాసుకోండి."

ఆయన రాశాడు. మూల పోయిన సంగతి మాత్రం వదిలేశాడు. పద్నాలుగో నంబరు వద్ద నకలులో లేని చిక్కుడుపాదు ఒకటి ఉన్నది, తుడవమనగా నిరాకరించారు. ముప్పై ఒక్క ఏళ్ల తెల్లకాగితం మీద ఇంత నల్లటి సిరా. మా బావ మాత్రం సంతకం పెట్టి, ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. ఇంటికెళ్లి అక్కకు అప్పజెప్పాడు కూడా. "పడితే పడ్డారు, ఒక్క మాటే పడ్డారు. అదీ కూరగాయల గురించి," అంది అక్క.

మర్నాడు ఆఖరి బండి. నన్నూ రమ్మన్నాడు. మేజోళ్లతో ఒక మూల నిలబడ్డాను. గంట మోగింది. మా బావ గుడ్డ చుట్టి పద్నాలుగు పట్టుకున్నాడు. కొంచెం కదిపాడు. ఆగాడు. ఎప్పుడూ ఆగేదానికన్నా ఎక్కువసేపే ఆగాడు. అప్పుడు లాగాడు. బండి వెళ్లిపోయాక లివరును అంతే నెమ్మదిగా వెనక్కి తోశాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన నేల మీద నా మేజోళ్ల గుర్తులు పడ్డాయేమో చూసి తుడిచాడు.

మర్నాడు పొద్దున్నే లాంతర్ల ఆయన ఇంటికొచ్చాడు. చేతిలో ఈసారి రెండు బుట్టలు. మా బావ కళ్లలోకి చూడలేక బుట్టలతోనే మాట్లాడాడు.

"పెద్దమ్మ మీకు చెప్పమంది. నిన్న ఆఖరి బండికి కూడా ఒక్క పువ్వు రాలలేదట."

మా బావ చాప వేసుకుని కూర్చున్నాడు. బుట్ట ముందేసుకుని చిక్కుళ్లకు ఈనెలు తీయడం మొదలుపెట్టాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన గడియైనా కుళాయైనా ఉత్తచేత్తో పట్టుకోవడం నేను చూడలేదు. గుడ్డ భుజం మీదే ఉండిపోయింది. సగం బుట్ట అయ్యాక తల ఎత్తాడు.

"ఒరేయ్, ఆ రిమార్కుల పేజీలో ఇంకా చోటుంది. ఈ మాట కూడా రాయమంటే రాస్తారంటావా?"

"వాళ్లకి ఆ అలవాటు లేదు కదా బావా," అన్నాను. "నేను రాస్తాలే."

ఇదుగో, రాశాను.