వెండెల్ చొక్కా కొస

వెండెల్ హార్ట్‌సెల్‌కు ఆ కళ్ళ డాక్టరు పేరెత్తితే ఒళ్ళు మంట. "రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరాయి, ఆపరేషన్ అయ్యేదాకా వేటకు పోకండి" అన్నాడట, మీసమైనా సరిగ్గా మొలవని ఆ కుంక. డెబ్బై మూడేళ్ళ వెండెల్ టోపీ నెత్తిన పెట్టుకుని, తలుపు దడాలున వేసి వచ్చేశాడు. ఆయన లెక్కలో తప్పు కళ్ళది కాదు, తుపాకీది.

ఆ తుపాకీ వాళ్ళ నాన్నది. గొట్టం కొసన, గురి చూసుకోవడానికి, మిరియపు గింజలో సగమైనా లేని ఇనప పూస ఒకటి. అది నలుపు, అడవీ నలుపే. పెన్సిల్వేనియా కొండల్లో అందరూ తుపాకులకు ఎప్పుడో దుర్భిణీలు బిగించుకున్నారు. "దుర్భిణీ పెట్టి కొట్టేవాడు వేటగాడా? కిటికీలోంచి తొంగిచూసే రకం!" అని ఉమ్మేసేవాడు వెండెల్. లోకంలో ప్రతివాడి మీదా ఆయనకు ఏవగింపే. గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. ఈ మహానుభావుడు తన కంట్లో తెలుపే ఎరగడు.

ఆయన బెంగంతా గోడ గురించి. అడవిలో వాళ్ళ వేటగుడిసె గోడకు చొక్కా ముక్కలు వేలాడుతుంటాయి. ఎవడైనా జింక మీదికి కాల్చి గురి తప్పితే, వాడి చొక్కా కింది కొస కత్తిరించి, పేరూ, ఏడూ, తప్పించుకున్న జంతువూ రాసి మేకు కొడతారు. నలభై ఆరేళ్ళలో వెండెల్ చొక్కా ఆ గోడెక్కలేదు. చెమటా జిడ్డూ పట్టి, ఎలుకలు కొరికిన ఆ పేలికల వైపు ఆయన కన్నెత్తి చూసేవాడు కాదు. వాటి పక్కన తనదీ వేలాడడం కంటే చావే నయమనుకునేవాడు.

వేట మొదలయ్యే ముందురోజు తుపాకీ ఖాళీ చేసి, ఒకటికి రెండుసార్లు చూసుకుని, వంటింటి బల్ల మీద పడుకోబెట్టాడు. స్పిరిట్‌తో పూస మీది నూనె తుడిచాడు. పళ్ళపుల్ల మొనతో మొదట తెల్ల రంగు చుక్క పెట్టాడు. అడుగున తెలుపుంటేనే పై రంగు వెలుగుతుంది. అది ఆరాక, మనవరాలు మరిచిపోయిన గోళ్ళరంగు సీసా మూత తీశాడు. కళ్ళు జిగేల్మనే నారింజ రంగు.

"ఛీ ఛీ! అన్నం తినే బల్ల మీద ఆ కంపేంటి?" అంటూ వచ్చింది భార్య లోయిస్.

"పూస కనబడాలి కదే."

"మందు వెయ్యాల్సింది పూసకి కాదు, నీ కళ్ళకి. నిన్న పక్కింటివాళ్ళ పోస్టు డబ్బాకి చెయ్యెత్తి పలకరించావు!"

"వాడా? ఆ పొగరుబోతు ఎప్పుడూ బదులు పలకడు."

లోయిస్ తల కొట్టుకుని, అడవిలో వేటగాణ్ణి వేటగాడు కాల్చకుండా చట్టప్రకారం తొడుక్కునే నారింజ చొక్కాను కుర్చీ మీద పడేసింది. పూసా చొక్కా ఒకే రంగులో మెరుస్తుంటే వెండెల్‌కు ముచ్చటేసింది.

సోమవారం పొద్దున్నే గుడిసెలో కాఫీ తాగుతుండగా మేనల్లుడు క్లేటన్ మొదలుపెట్టాడు. నలభయ్యేళ్ళ మనిషి, నిలువెల్లా జలుబు.

"మావయ్యా, నీకోసం గోడకి మేకు కొట్టి ఉంచా. చొక్కా పాతదే వేసుకొచ్చావా?"

"ముందు ఆ ముక్కు తుడుచుకోరా."

క్లేటన్ తెల్లటి రుమాలు తీసి చీదాడు. వెండెల్ మొహం చిట్లించాడు. "తెల్లగుడ్డ అడవిలోకి తేకూడదని ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు?"

"జింక తోకనుకోడానికి ఎవడైనా గుడ్డోడుండాలి కదా!" అన్నాడు క్లేటన్. అందరూ నవ్వారు. వెండెల్ తుపాకీ అందుకుని బయటికి నడిచాడు.

గంట తర్వాత మంచులో, చెట్టుకు ఆనుకుని ఉన్నాడు వెండెల్. ఎదుటి పొదలో మసగ్గా ఎర్రగోధుమ రంగేదో కదిలింది. దాని పక్కనే తెల్లగా ఏదో పైకి లేచి దిగింది. తోక! తుపాకీ లేపాడు. మంచు మీద పూస నిప్పురవ్వలా వెలుగుతోంది. మెల్లగా పొద మీదికి తిప్పి, వేలు బిగించబోయాడు. పూస మాయం.

"దిక్కుమాలిన రంగు, రాలిపోయింది" అని తిట్టుకుంటూ తుపాకీ దించి చూశాడు. రాలలేదు. మళ్ళీ లేపాడు. మంచు మీద ఉంది, పొద మీద లేదు. దాని వెనకాల ఉన్నదీ అదే రంగయితే తప్ప...

పొద తుమ్మింది.

జలుబు మనిషి క్లేటన్, తనను కాపు కాయమన్న చోట నిలబడలేక, తెల్ల రుమాలుతో ముక్కు తుడుచుకుంటూ ఇటు దిగివచ్చాడు. వెండెల్ వేలు తీసేసి, తుపాకీలో తూటాలన్నీ మంచులోకి కక్కించాడు. పొద్దుట తాగిన కాఫీ కూడా అక్కడే కక్కుకున్నాడు. తన చేతుల మీద, కళ్ళ మీద, ఆ గోళ్ళరంగు మీద రోత పుట్టింది. డాక్టరును తిట్టిన నోటి మీద మరీనూ.

గుడిసెకు వచ్చి కత్తెర తీసుకుని తన చొక్కా కొస కత్తిరించుకున్నాడు.

"మావయ్యా, నీ తుపాకీ పేలనే లేదుగా! గురెక్కడ తప్పింది?" క్లేటన్ పగలబడి నవ్వుతున్నాడు.

వెండెల్ గుడ్డను కంటికి ఆనించుకుని, పెద్ద పెద్ద అక్షరాలతో తన పేరూ ఏడూ రాశాడు. తప్పించుకున్న జంతువు రాసే చోట ఇంకొక పేరు రాసి, సిద్ధంగా ఉన్న ఆ మేకుకే గుచ్చాడు.

క్లేటన్ దగ్గరికెళ్ళి చదివాడు. అక్కడ అతని పేరే ఉంది.