గుంట ఎండిపోతంది

నాకు ఇంగ్లీషు వచ్చు. ఆ సంగతి ఎదుటివాళ్లకు తెలిసేదాకా నాకు ఊపిరాడేది కాదు. అరవైల్లో, బి.ఏ. పాసై గుంటూరు వైపు మా ఊళ్లో ఖాళీగా తిరుగుతున్న రోజుల్లో మా పాస్టరుగారు పిలిపించారు. విదేశాల నుంచి కొందరు దొరలూ దొరసానులూ మూడు వారాల కోసం అనకాపల్లి వస్తున్నారట. పిల్లలకూ తల్లులకూ మందులిచ్చి, పాలపొడి పంచి, బైబిలు కథలు చెబుతారట. వాళ్లకు దుబాసీ కావాలన్నారు. అప్పటికప్పుడు పెట్టె సర్దుకున్నాను.

అనకాపల్లిలో దిగిన దగ్గర్నుంచీ నా కాళ్లు నేల మీద లేవు. వ్యానులో దొరసాని నర్సమ్మ పక్క సీటు నాది. ఆమె ఏ గుమ్మం ముందు నిలబడ్డా జనం నా నోటి వంకే చూసేవారు. అక్కడి మాట నాకు నవ్వులాటగా ఉండేది. ఎవరైనా ఏమిటనడానికి "ఏటి?" అంటే "ఏ ఏటికి?" అని వెక్కిరించేవాణ్ణి. తెలియని మాట వస్తే పక్కవాళ్లని అడగొచ్చు. అడిగితే దుబాసీ పరువేం కావాలి?

మునగపాక దగ్గర ఒక ఊళ్లో, బడి వరండాలో పిల్లల్ని చూస్తున్నాం. మే నెల ఎండ, బారెడు వరస. మట్టి కాళ్లతో, వట్టి చేతులతో ఒకామె వరస తప్పించి ముందుకొచ్చింది. చెరకు తోటలో పని వదిలి అలాగే వచ్చినట్టుంది. నాకు చిరాకేసింది.

"మా గుంట ఎండిపోతందండి బాబూ. ఓపాలి వచ్చి సూడమని ఆయమ్మకి సెప్పండి," అంది.

మా వైపు గుంటంటే నీళ్లు నిలిచే చిన్న మడుగు. ఎండిపోయినవి ఆ రోజు దారిలో నాలుగైదు చూశాను కూడా. ఊరి మడుగు ఎండిపోతోంది, వచ్చి చూడమంటోందని నర్సమ్మకు మంచి ఇంగ్లీషులో చెప్పాను. ఆమె నొచ్చుకుంది. నీళ్ల సంగతి తమ చేతిలో లేదని, ప్రార్థన మాత్రం చేయగలనని అంది. లేచి, ఆ తల్లి రెండు చేతులూ పట్టుకుని, కళ్లు మూసుకుని వాన కోసం చాలాసేపు ప్రార్థించింది. ఆ తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను వరస వంక చూస్తూ, "దొరసానిగారు ప్రార్థన చేశారు, ఇక భయం లేదు, వెళ్లు" అన్నాను. దణ్ణం పెట్టి వెళ్లింది.

మూడో రోజు మళ్లీ వచ్చింది. ఈసారి భుజం మీద నాలుగేళ్ల పిల్ల ఉంది. విరేచనాలతో ఒళ్లంతా వడిలిపోయి, కళ్లు లోపలికి పోయాయి.

"ఇదేనండి మా గుంట," అంది.

తల కొట్టేసినట్టయింది. అక్కడ గుంటంటే ఆడపిల్ల. మొన్న ఆ వరండాలో ఎవర్ని అడిగినా చెప్పేవారు.

నర్సమ్మ ఆమెను గుర్తుపట్టింది. మొన్న మడుగు గురించి చెప్పుకున్న మనిషి పిల్ల సంగతి ఎందుకు చెప్పలేదో అడగమంది. ఆ మాట ఉన్నదున్నట్టు అడిగితే నా బండారం బయటపడుతుంది. అందుకని, ఇంత ఆలస్యం ఎందుకు చేశావని మాత్రం అడిగాను.

"మొన్న వచ్చేను కదా బాబూ. ఆయమ్మ పార్దన సేసేరు, బయం లేదని మీరే సెప్పేరు. తగ్గిపోద్దని ఇంటికాడే సూసుకుంటా ఉన్నాను," అంది.

నర్సమ్మ నా నోటి వంక చూస్తోంది. నిజం చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. తెలియక ఆలస్యం చేసిందట అని ఇంగ్లీషులో చెప్పాను. అప్పుడు నర్సమ్మ, పిల్లకు చెంచాతో నీళ్లు పోస్తూనే, ఆ తల్లిని మందలించింది. ఆ మందలింపును నేను తెలుగులో చెప్పాను. ఈసారి ఒక్క మాట కూడా తప్పు పోలేదు.

మాట తెలియకపోవడం నేరం కాదని నాకు నేను ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. అది నిజమే. కానీ నేను సిగ్గుతో చచ్చేది ఆ మొదటి రోజుకు కాదు, ఈ మూడో రోజుకు.

పిల్లను తీసుకుని వ్యానులో విశాఖపట్నం పెద్దాసుపత్రికి బయల్దేరాం. ఒక దొర బండి తోలుతున్నాడు. సబ్బవరం దాటకముందే పిల్ల పోయింది. నర్సమ్మ మొహం కప్పుకుని ఏడ్చింది. ఆ తల్లి ఏడవలేదు. పిల్ల పాదాల మీద కొంగు కప్పి, నా వైపు తిరిగింది.

"నానే ఆలీసెం సేసేనా బాబూ?" అని అడిగింది.

ఆ వ్యానులో తెలుగు వచ్చినవాళ్లం మేమిద్దరమే. అవునన్నట్టు తల ఊపాను.