అడిగిందని చెప్పాను

మా స్కూలు హార్బరు రోడ్డు నుంచి కొండ మీదికి ఎక్కే మలుపులో ఉండేది. చెవిటి పిల్లల స్కూలు. పొద్దున్నే కిటికీలు తుడిచినా మధ్యాహ్నానికి వేలితో పేరు రాసుకునేంత నల్ల దుమ్ము పేరుకునేది. ఓడ కూత పెడితే గాజు పలకలు అదిరేవి. పిల్లలు వాటి మీద అరచెయ్యి ఆనించి, ఓడ వచ్చిందని ఒకళ్లకొకళ్లు సైగ చేసుకునేవారు. నేను అక్కడ ఆఫీసు గుమస్తాని. తొంభైల చివరి మాట ఇది.

ఆ ఏడు ఐర్లండు నుంచి ఒక అమ్మాయి వచ్చింది, జీతం తీసుకోకుండా ఏడాది పాటు పిల్లలకి బొమ్మలు గియ్యడం, చేతిపనులు నేర్పడానికి. నా ఈడుదే, ఇరవై నాలుగేళ్లు. ఎండకి ముక్కు కాలి ఎర్రగా ఉండేది. వచ్చిన వారానికే ఒక తెలుగు వాక్యం పట్టేసింది. "భోజనం చేశారా?" కనబడ్డ ప్రతివాళ్లూ తనని అదే అడుగుతున్నారట. వాళ్ల ఊళ్లో అయితే వాన గురించి అడుగుతారని, దానికంటే ఇదే నయమని నవ్వేది. పొద్దున్న తొమ్మిదికి వచ్చిన పోస్ట్‌మన్‌ని కూడా భోజనం చేశారా అని అడిగేది.

డిసెంబరు సెలవులకి పిల్లల్ని ఇళ్లవాళ్లు వచ్చి తీసుకెళ్లేవారు. ఐదుగురి కోసం మాత్రం ఎవరూ వచ్చేవారు కాదు. వాళ్లతో ఉండే వంతు ఆ ఏడు నాది. అదే వారం రాజమండ్రిలో మా పిన్ని కూతురి పెళ్లి. ఆ అమ్మాయి క్రిస్మస్‌కి ఇంటికెళ్లి రావాలనుకుంటోందని నాకు తెలుసు. తెలిసే అడిగాను. "మీరుంటే పిల్లలు ఎంత సంతోషిస్తారో" అన్నాను. నాకు మాటలు బాగా వచ్చు, అదే నా దరిద్రం. ఆమె రెండు రోజులు ఆలోచించి ఉంటానంది. సెలవుల్లో ఫోనున్న ఆఫీసు గదికి తాళం వేసేస్తారు కాబట్టి వాళ్లింటికి మా ఇంటి నంబరు ఇచ్చింది. నేను పెళ్లికి వెళ్లి శుభ్రంగా తిని వచ్చాను.

వచ్చిన మర్నాడే, క్రిస్మస్ ఇంకా మూడు రోజులుందనగా, మధ్యాహ్నం మా స్టీలు ప్లాంటు క్వార్టర్సులో ఫోను మోగింది. ఐర్లండు అమ్మాయి వాళ్ల అన్నయ్య. ఆ యాస నాకు సగమే అర్థమైంది. సరిపోయింది. తెల్లవారుజామున వాళ్లమ్మ పోయింది. గుండెనొప్పి. చెల్లెలికి చెప్పమన్నాడు.

నాన్న అప్పుడే పొద్దుటి షిఫ్టు దిగి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇరవై ఏళ్లవుతున్నా పద్ధతులన్నీ అక్కడివే.

"చచ్చిపోయిందని మొహం మీద చెప్పేస్తావేంటే?" అన్నాడు. "అయినవాళ్లు ఒక్కళ్లు లేని చోట ఆ పిల్ల ఎవర్ని పట్టుకుని ఏడుస్తుంది? సీరియస్‌గా ఉంది, బయల్దేరమన్నారని చెప్పు. ఇంటికెళ్లాక వాళ్లవాళ్ల మధ్య తెలుసుకుంటుంది."

మా తాతయ్య పోయినప్పుడు నాన్నకి వచ్చిన టెలిగ్రాములోనూ అదే ఉంది. సీరియస్, వెంటనే బయల్దేరు. బస్సు ఎలమంచిలి దాటకుండానే ఏడుపు మొదలుపెట్టానని నాన్న చాలాసార్లు చెప్పాడు. మనలో ఆ మాటకి ఎవరూ మోసపోరు. దారి పొడుగునా కొంచెం కొంచెంగా మింగమని ఇచ్చే చేదు మందు అది. ఆ మందు ఎలా మింగాలో ఐర్లండు అమ్మాయికి తెలియదన్న సంగతి నాన్నకి తట్టలేదు. నాకు తట్టింది. తట్టినా నోరు మూసుకున్నాను. చావు కబురు చెప్పే పని తప్పినందుకు లోలోపల నాకు హాయిగా ఉంది. సిగ్గులేని మాటే గానీ, నిజం.

బస్సు పట్టుకుని స్కూలుకి వెళ్లాను. వంటింట్లో వంటావిడ బియ్యం చెరుగుతోంది. జాలరి మనిషి, సముద్రం ఒడ్డునున్న యారాడ ఆవిడ పుట్టిల్లు. వాళ్లు అక్కని పిలిచినట్టే మేమందరం అప్ప అనేవాళ్లం.

"ఏటమ్మా, మొకం అలగున్నాది?" అంది.

ఫోను సంగతీ, నాన్న చెప్పిన ఉపాయమూ చెప్పాను. అప్ప చేట పక్కన పెట్టింది.

"దాసకమ్మా. బేగి సెప్పీ."

"ఒక్కతీ ఎలా తట్టుకుంటుంది అప్పా?"

"మా ఆయన పడవ తిరగబడిపోనాదని పేటలో అందరికీ తెలుసు. నాకొక్కదానికే తెల్దు. కాకినాడలో ఒడ్డెక్కినాడు, వొచ్చెత్తాడని సెప్పినారు. నాను నమ్మీసినాను. ఎనిమిది రోజులు ఆయన వాటా సేపల కూర వొండి మూతెట్టి ఉంచినాను. మొగుడు పోయిన ఏడుపు ఎప్పుడో తీరిపోనాదమ్మా. ఆ కూర వొండిన ఏడుపు తీర్లేదు. ఇప్పటికీ సిగ్గేత్తాది."

చెప్పేస్తానని తలూపాను. వంటింటి గుమ్మం నుంచి వరండా దాకా పది అడుగులుంటాయేమో. ఆ పది అడుగుల్లోనే మనసు మారిపోయింది.

ఆ అమ్మాయి పిల్లల మధ్య చాప మీద కూర్చుని రంగు కాగితాలతో నక్షత్రం అతికిస్తోంది. నన్ను చూసి "భోజనం చేశారా?" అంది.

మీ అమ్మగారికి సీరియస్‌గా ఉంది, ఆస్పత్రిలో ఉన్నారు, మిమ్మల్ని బయల్దేరమన్నారు అని ఇంగ్లీషులో ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆమె మొహం పాలిపోయింది. కానీ ఏడవలేదు. జిగురు అంటిన చేతులతోనే వెళ్లి పెట్టె సర్దడం మొదలుపెట్టింది. అప్ప గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆవిడకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. తల్లి పోయిన పిల్ల అంత చురుగ్గా బట్టలు సర్దదని మాత్రం తెలుసు. వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయింది. ఆ పిల్లలు మనిషి మొహం మనకంటే బాగా చదువుతారు. ఆ సాయంత్రం ఒక్కరూ నా దగ్గరికి రాలేదు.

ఆ అమ్మాయి రోడ్డు మీద ఐఎస్‌డీ బూతుకి వెళ్లి మూడుసార్లు ఇంటికి ఫోను చేసింది. ఎవరూ ఎత్తలేదు. "అందరూ ఆస్పత్రిలోనే ఉంటారు" అంది. ఉంటారు అన్నాను.

మద్రాసు నుంచి విమానానికి స్కూలు పెద్దలు టిక్కెట్టు ఏర్పాటు చేశారు. పిల్లల్ని అప్పకి అప్పగించి, మర్నాడు పొద్దున్న రైల్లో తోడుగా నేనే వెళ్లాను. అనకాపల్లి వచ్చింది, ఎలమంచిలి దాటింది. నేను ఆమె మొహమే చూస్తున్నాను. ఏదో ఒక స్టేషన్లో తనంతట తనే తెలుసుకుంటుందని నాకు ఆశ. ఆమె అరటిపండు ఒలుచుకుంటూ, ఆస్పత్రి తిండి అమ్మకి అస్సలు పడదని, పోయినసారి సూపు గిన్నె నర్సుకి తిరిగిచ్చేసిందని నవ్వుతూ చెప్పింది. మంచం పక్కన నిలబడి తెలుగులోనే అడుగుతుందట, భోజనం చేశారా అని. అమ్మ తెల్లబోతుందట.

"అమ్మని 'మీరు' అనక్కర్లేదు. 'చేశావా' అంటే చాలు" అన్నాను.

"భోజనం చేశావా, అమ్మా?" అంది. తుని దాకా అదే సాధన చేసింది. ఎదుటి బెర్తు ముసలాయన మెచ్చుకున్నాడు.

గోదావరి వంతెన మీద ఉండగా ఆమె గొంతు మారింది. క్రిస్మస్‌కి రావడం లేదని చెప్పినప్పుడు అమ్మకి కోపమొచ్చిందట. ఎవరి పిల్లల కోసమో మమ్మల్ని వదిలేస్తావా అందట. తను కూడా ఏదో అనేసింది. ఆ తర్వాత మూడు వారాలుగా అమ్మ ఫోను దగ్గరికి రాలేదు. "అన్నయ్య ఇంకేం చెప్పాడు? అమ్మ మాట్లాడుతోందా? నా గురించి ఏమైనా అందా?"

ఆమెని సెలవుల్లో ఆపింది నేను. ఆ సంగతి అక్కడ మా ఇద్దరికీ తెలుసు, ఆమె ఒక్క మాటా అనలేదు.

"అడిగారట" అన్నాను. "మిమ్మల్ని అడిగారట. రెండుసార్లు."

రెండుసార్లు అని ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు కదా, బహుశా అందుకే. ఆమె నా చెయ్యి పట్టుకుని అప్పుడు ఏడ్చింది. సంతోషంతో ఏడ్చింది. మద్రాసు విమానాశ్రయంలో లోపలికి వెళ్లే ముందు నన్ను కావలించుకుని, ఆ ఒక్క మాట లేకపోతే ఈ ప్రయాణం చెయ్యలేకపోయేదాన్నని చెప్పింది.

ఫిబ్రవరిలో ఉత్తరం వచ్చింది. అక్కడ విమానం దిగేసరికి అన్నయ్య, వాళ్లలో చావుకి కట్టే నల్ల టై కట్టుకుని నిలబడి ఉన్నాడట, అప్పుడు తెలిసిందట. అప్పటికి అంత్యక్రియలకి అంతా సిద్ధం చేసి తన కోసమే ఆగారు. మీరు ప్రేమతోనే దాచారని నమ్ముతున్నాను అని రాసింది. కింద ఇంకో పేరా. "అమ్మ నిద్రలోనే పోయిందని, ఒక్క మాటా మాట్లాడలేదని అన్నయ్య అంటున్నాడు. మరి నన్ను అడిగిందని మీకెవరు చెప్పారు? అది ఒక్కటి నిజమా?"

నాలుగు రోజులు ఆ ఉత్తరం బ్యాగులో వేసుకుని తిరిగాను. అవును అని రాస్తే ఆమె బతుకంతా దాన్ని పట్టుకుని ఉంటుంది. అన్నయ్యని మళ్లీ మళ్లీ అడుగుతుంది. అప్ప వండి మూతపెట్టిన కూర గుర్తొచ్చింది. లేదు, అది నేను కల్పించాను, క్షమించండి అని రాసి పోస్టు చేశాను. జవాబు రాలేదు. నిజం చెప్పడానికీ ఒక వేళ ఉంటుంది. నేను వేళ దాటించి చెప్పాను.

మరుసటి డిసెంబరులో అప్ప పేర స్కూలుకి ఒక కార్డు వచ్చింది. చదువు రాదు కాబట్టి నా బల్ల దగ్గరికే తెచ్చింది. చదివి తెలుగులో చెప్పాను. పిల్లలు ఐదుగురినీ పేరుపేరునా అడిగింది. భోజనం చేశారా అప్పా అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. ఆ తర్వాత ప్రతి ఏడూ వచ్చేది. పిల్లలు పెద్దవాళ్లై ఒక్కొక్కరే వెళ్లిపోయారు, ఐఎస్‌డీ బూతు మూతపడి మా అందరి చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాయి, అప్పకి చూపు మందగించింది. కార్డు మాత్రం ఆగలేదు. నా పేరు ఏ కార్డులోనూ లేదు. అప్ప ఎప్పుడూ అడగలేదు కూడా.

ఒక ఏడు మాత్రం, నేను చదవడం ముగించాక కూడా అప్ప కదల్లేదు.

"నిన్ను అడగనేదేటమ్మా?"

నేను కార్డు వెనక్కి తిప్పాను. ఖాళీ.

"అడిగింది అప్పా" అన్నాను. "రెండుసార్లు అడిగింది."