రెండుసార్లు కలిపిన గంట

వెర్నా కోస్త్యూక్ చూపు మధ్యలో పొగచూరిన నాణెం లాంటి మచ్చ ఒకటి ఉండేది. ఏ వస్తువు వైపు తిరిగితే ఆ వస్తువు మీదే వచ్చి కూర్చునేది. అంచుల్లో అన్నీ కనిపించేవి, తిన్నగా చూసిందే కనిపించేది కాదు. వచ్చే వేసవికి మచ్చ ఇంకా పెరుగుతుందని, చూడాలనుకున్నవి ఏవైనా ఉంటే ఈ ఏడే చూసెయ్యమని కంటి డాక్టరు చెప్పింది. చేతికి పెట్టుకోమని ఒక గడియారం కూడా ఇప్పించింది. బొత్తాం నొక్కితే అది ఆడగొంతుతో వేళ చెప్పేది.

"ఇంట్లో ఒకరి వాగుడు చాలదని ఇంకొకత్తెని తెచ్చుకున్నావా?" అన్నాడు లోర్న్ మొదటి రోజే.

లోర్న్ ఆమె భర్త. పోర్ట్ ఆల్బర్నీ కోత మిల్లులో ముప్ఫై ఏళ్ళు రంపాలకు పదును పెట్టి రిటైరయ్యాడు. మంచం, పొయ్యి, నీళ్ళ తొట్టి అన్నీ ఉన్న ఇంటిబండి ఒకటి కొని పదకొండేళ్ళయింది. ప్రతి వేసవీ మిల్లు స్నేహితులు ఎటు వెళితే అది అటే వెళ్ళేది. వెర్నాను ఎక్కడికని అడిగింది లేదు. ఆ ఫిబ్రవరిలో మొదటిసారి ఆమే అడిగింది.

"కేప్ స్కాట్ వెళదాం లోర్న్. రెండో తీరం ఒక్కసారి చూస్తాను."

వాళ్ళుండే దీవికి ఉత్తరపు కొసన ఉన్న అడవి అది. ఇరవై రెండేళ్ళ వయసులో వెర్నా దానికి ఇవతల హోల్‌బర్గ్ దగ్గర, చెట్లు కొట్టేవాళ్ళ శిబిరంలో వంట చేసింది. ఆదివారాలు సెలవు. నడిచి తీరానికి వెళ్ళేది. మొదటి తీరం అందరికీ అందుతుంది. రెండోది కొండముక్కుకు అవతల ఉంటుంది. సముద్రం బాగా వెనక్కి తీసిన వేళ, అటూ ఇటూ ఒక గంటసేపు మాత్రమే కొండ మొదట్లో ఇసుక బయటపడి దారి ఇస్తుంది. అవతల ఇసుకలో నిలువెత్తు రాతిస్తంభాలు, ఒక్కొక్కదాని నెత్తిన పొట్టి చెట్లు. జీవితంలో తనకు ఎవరూ పని చెప్పని చోటు అదొక్కటేనని వెర్నా ఎవరికీ చెప్పలేదు.

లోర్న్ ఒప్పుకున్నాడు, కానీ ఆమె కోసం కాదు. అతనికి ప్రయాణం కన్నా దాన్ని కాగితం మీద పెట్టడం ఇష్టం. పెట్రోలు ఎక్కడ, తొట్టి ఎక్కడ ఖాళీ చెయ్యాలి, గులకరోడ్డు మీద కలప లారీలు ఎదురొస్తే రేడియోలో ఎన్నో మైలురాయి దగ్గర ఉన్నామని చెప్పాలి, అన్నీ నిమిషాలతో సహా గళ్ళ నోటుబుక్కులో రాశాడు. ఆటుపోట్ల వేళ ఒక్కటి వెర్నా చూస్తానంది.

ఆటుపోట్ల వేళలు అచ్చువేసిన పుస్తకంలో ఏడాది పొడుగునా చలికాలపు వేళలే ఉంటాయి. వేసవిలో ఊళ్ళో గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, పుస్తకం జరగదు. ఆ గంట మనమే కలుపుకోవాలి. శిబిరంలో నలభైమంది మగవాళ్ళు వెర్నా కలిపి చెప్పిన వేళకే ఇసుకలో తినే గుల్లలు తవ్వడానికి బయల్దేరేవారు. ఒక్కనాడూ ఎవరూ తడిసి రాలేదు.

ఆమె భూతద్దం పెట్టుకుని జులై పదహారు వెతికింది. అచ్చులో ఎనిమిదీ పది ఉంది. గంట కలిపింది. తనకు కనిపించేలా లావుపాటి నల్ల పెన్నుతో ఆ అంకెల మీదే 9:10 అని దిద్దింది. అచ్చు మొత్తం సిరా కింద మునిగిపోయింది.

సాయంత్రం లోర్న్ పుస్తకం తిరగేశాడు. "పెద్దక్షరాలతో కాపీ కొట్టావు సరే, గంట కలపడం ఎవరి పని? మీ అమ్మదా?"

"కలిపే రాశాను."

"నిన్న సూపులో ఉప్పు వేశానంటూ మళ్ళీ వేశావు. మొన్న పిల్లికి నీళ్ళ బదులు వెనిగర్ పోశావు. ఇది మాత్రం కలిపేశావు!"

"లోర్న్, నేను కలిపాను."

"సరే, కింద అచ్చులో ఏముందో చదువు."

ఆమె పేజీని దీపం కిందికి లాక్కుంది. మచ్చ కింద సిరా, సిరా కింద అంకె. ఎంతసేపు చూసినా నలుపే. నిజంగానే కలిపానా అని ఆమెకే అనుమానం మొదలైంది. లోర్న్ నోటుబుక్కులో 10:10 అని రాసి కింద గీత గీశాడు.

జులై పదహారు పొద్దున ఏడింటికే వెర్నా బూట్లు కట్టుకుని తీరం దగ్గర ఆపిన బండి మెట్టు మీద కూర్చుంది. అలల చప్పుడు దూరమైనట్టు అనిపించింది.

"ఇప్పుడే పోదాం. తొందరగా వెళితే నష్టం ఏముంది?"

"రాళ్ళ మీద రెండు గంటలు నీ మొహం చూస్తూ కూర్చోవడమే నష్టం. గుడ్లు వేయించు."

కొండముక్కు దగ్గరికి చేరేసరికి పదీ ఇరవై ఐదు. దారి ఉండాల్సిన చోట నీళ్ళు రాతిని నాకుతున్నాయి.

"తాబేలు నడక నడిచావు, పోయింది" అన్నాడు లోర్న్. ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, తను మాత్రం నీళ్ళలో దిగి అవతలికి వెళ్ళాడు. పావుగంటకు నడుము దాకా తడిసి వచ్చి ఫోను ఆమె మొహం ముందు పెట్టాడు. "ఇదిగో, నీ స్తంభాలు. చూసుకో."

ఆమె ఫోను పట్టుకుని తిన్నగా చూసింది. మచ్చ ఫోనంత ఉంది.

సాయంత్రం పక్క బండి ఆవిడ ఒక గిన్నెడు గుల్లలు పట్టుకొచ్చింది. ఇర్యా అని, సోయింతులా అనే ఊరి మనిషి.

"తొమ్మిదీ పదికి సముద్రం బాగా తీసిందమ్మా. మీరు రాలేదేం?"

వెర్నా లోర్న్ ఉన్న వైపు తిరిగింది. లోర్న్ గుల్ల ఒకటి విప్పుకుంటున్నాడు.

"మా ఆవిడ రెండుసార్లు కలిపింది" అన్నాడు. "కళ్ళతో పాటు బుర్రా పోతోంది, పాపం."

ఇర్యా జాలిగా ఆమె భుజం తట్టి వెళ్ళిపోయింది.

"రేపు ఒక్కరోజు ఉందాం" అంది వెర్నా. "రేపు పదింటికి తీస్తుంది. నిన్నేమీ అనను లోర్న్. ఎవరు కలిపారో ఎవరికీ చెప్పను."

"చెప్పడానికేముంది? రేపు తొమ్మిదికి బయల్దేరాలి. మెక్‌నీల్ ఊళ్ళో మా మిల్లు ఓరెస్ట్ అందరికీ చేప కాలుస్తున్నాడు."

"నువ్వు వెళ్ళు. నన్ను వదిలెయ్."

"గుడ్డిదాన్ని అడవిలో వదిలేశానని ఊరంతా నన్ను తిట్టాలా?" అని నోటుబుక్కు తెరిచి చూపించాడు, ఆమెకు కనిపించదని తెలిసే. "ఇందులో లేదు."

మర్నాడు తొమ్మిదికి బండి కదిలింది. గులకరాళ్ళు కింద కటకటమంటున్నాయి. లోర్న్ రేడియోలో మైలురాయి చెప్పాడు, ఒక కలప లారీ జవాబిచ్చింది. చాలాసేపటికి వెర్నా చేతి బొత్తాం నొక్కింది.

"పది గంటలు," అంది గడియారం.

"దాని నోరు ముయ్యించు."

ఆమె మళ్ళీ నొక్కింది.