డెక్లన్ కప్పుకి తగిలిన నా కాలు

ఒక మనిషి ఇరవై రెండేళ్ళుగా ఎదురుచూసిన కప్పుని నాలుగు సెకన్లలో నీళ్ళపాలు చేయడం అందరివల్లా అయ్యే పని కాదు. దానికి చిన్నప్పటినుంచీ మంచి పెంపకం ఉండాలి. నాకుంది. అందుకే చేయగలిగాను. ఎలా చేశానో చెబుతాను, నవ్వుకోండి. నవ్వాలో వద్దో తెలియని చోట్లు రెండు మూడు వస్తాయి. అక్కడ నాకూ తెలియదు.

అప్పుడు నాకు ముప్పై ఒకటి. అమెరికాలో, షామ్‌బర్గ్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాణ్ణి. అంటే రోజంతా ఇంకొకళ్ళ తప్పులు పట్టుకోవడం. ఎనిమిదేళ్ళు ఆ పని చేసేసరికి నేను మాత్రం తప్పులు చేయననే నమ్మకం బాగా కుదిరిపోయింది. శనివారం పొద్దున్నే మా తెలుగువాళ్ళం పార్కులో క్రికెట్ ఆడేవాళ్ళం. పక్క గ్రౌండులో కొందరు తెల్లవాళ్ళు నెత్తిన హెల్మెట్లు, చేతుల్లో తెడ్లలాంటి చెక్క కర్రలు పెట్టుకుని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతుండేవారు. ఏవో పాత పగలు తీర్చుకుంటున్నారనుకునేవాణ్ణి.

ఒకరోజు వాళ్ళ బంతి గాల్లో లేచి మా వైపు వచ్చింది. బౌండరీ దగ్గర ఊరికే నిలబడ్డ నేను అలవాటు కొద్దీ రెండు చేతులూ చాచి పట్టేశాను. మేమాడేది టెన్నిస్ బంతి, ఇది గట్టి తోలు బంతి. అరచేతులు భగ్గుమన్నాయి. పదిమంది చూస్తున్నారు కదా అని మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. ఆ నటనే నా కొంప ముంచింది.

బంతి కోసం కుంటుకుంటూ వచ్చిన పెద్దాయన పేరు డెక్లన్. ఐర్లాండ్ మనిషి, అరవై ఐదు దాటాయి. ముప్పై ఏళ్ళు ఇళ్ళకి పైకప్పులు వేసి మోకాళ్ళు రెండూ అరగదీసుకున్నాడు. ఆ టీముకి కోచ్, మేనేజర్, డ్రైవర్ అన్నీ ఆయనే. నా చేతులూ చూశాడు, మొహమూ చూశాడు. పేరడిగితే మూర్తి అన్నాను. చీటీ మీద మర్ఫీ అని ఐరిష్ పేరే రాసుకున్నాడు. వచ్చే శనివారం నుంచి నేను వాళ్ళ గోల్‌కీపర్‌ని.

ఆ ఆటని హర్లింగ్ అంటారు, ఐర్లాండ్‌వాళ్ళది. మీకు తెలియాల్సింది ఒక్కటే. గోల్ దగ్గర రెండు నిలువు కర్రలు, వాటి మధ్య ఒక అడ్డ కర్ర ఉంటాయి. బంతి అడ్డ కర్ర పైనుంచి వెళితే ఒక పాయింటు. కిందనుంచి, అంటే నన్ను దాటుకుని, లోపలికి పోతే గోల్, మూడు పాయింట్లు. ఈ మూడు గుర్తుపెట్టుకోండి. నేను మాత్రం ఈ జన్మలో మర్చిపోను.

మొదటి డివిజన్‌లో ఎండాకాలానికి ఐర్లాండ్ నుంచి దిగిన కుర్రాళ్ళు ఆడతారు. మాది రెండో డివిజన్. మావాళ్ళలో ప్లంబర్లు, ఇద్దరు నర్సులు, ఒక స్కూల్ బస్సు డ్రైవరు, పెళ్ళాం ఊళ్ళో లేని వారాల్లో మాత్రమే వచ్చే ఒక వకీలు. పదమూడు మంది కావాలి, పదకొండు మంది వస్తారు. మొదటి మూడు మ్యాచులూ ఓడిపోయాం. ఓడిపోవడమంటే మామూలుగా కాదు, రెండో మ్యాచులో ఎదుటి టీమువాళ్ళే జాలిపడి మాకొక ఆటగాణ్ణి అరువిచ్చారు. వాడు కూడా నాకే గోల్ కొట్టాడు, అలవాటు మీద.

ఆ టీములో ఎవరూ పెద్దగా నవ్వేవారు కాదు. ఐరిష్‌వాళ్ళంటే పాటలూ అల్లరీ అని విన్నాను, వీళ్ళేంటి ఇలా ఉన్నారని బస్సు డ్రైవర్ని అడిగాను. అప్పుడు చెప్పాడు. డెక్లన్ భార్య నోరా ఆ జనవరిలో పోయింది. ఇరవై రెండేళ్ళు ఆ టీము జెర్సీలన్నీ ఆవిడే ఉతికింది. ప్రతి సెప్టెంబర్లోనూ డెక్లన్ ఇంటికి రాగానే, ఈసారైనా వచ్చిందా కప్పు అని అడిగేదట. వచ్చే ఏడు అనేవాడట ఈయన. ఇప్పుడు ఇల్లు అమ్మకానికి పెట్టాడు. అక్టోబర్లో ఐర్లాండ్ వెళ్ళిపోతాడు, ఇక రాడు. ఇంకో వచ్చే ఏడు లేదు.

అది విన్నాక నాకు నిద్రాహారాలు కరువయ్యాయంటే అబద్ధం. బాగానే తిన్నాను. కానీ ప్రాక్టీసుకి పావుగంట ముందు వెళ్ళడం మొదలుపెట్టాను. అందరూ అలాగే చేశారని తర్వాత తెలిసింది. జెర్సీలు వంతులవారీగా ఉతుక్కునేవాళ్ళం. ఎవరు ఉతికినా వాసన పోయేది కాదు, ఆవిడ ఏం వేసేదో డెక్లన్‌కి కూడా తెలియదు.

ఇక నాలుగో మ్యాచు నుంచి మా అదృష్టం చూడండి. ఒక టీముకి మనుషులు చాలక రాలేదు, మేం గెలిచినట్టు రాశారు. ఇంకో టీములో ముగ్గురు ఒకే పెళ్ళికి వెళ్ళారు. మిగిలిన రెండు మాత్రం నిజంగానే గెలిచాం, ఒకదాంట్లో నేను ఆరు బంతులు ఆపాను. అందులో రెండు నా కడుపు ఆపింది. చూస్తుండగానే ఫైనల్‌కి వచ్చిపడ్డాం.

సరిగ్గా అప్పుడు మా నాన్న షామ్‌బర్గ్‌లో ఉన్నారు, ఆర్నెల్లకని వచ్చి. కాకినాడ దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఆయన పెంపకంలో రాజీ ఉండదు. పుస్తకానికి కాలు తగిలితే తాకి కళ్ళకద్దుకోవాలి, మనిషికి తగిలితే తాకి కళ్ళకద్దుకోవాలి, పెద్దవాళ్ళకి తగిలితే మరీనూ. ఎడమ చేత్తో అద్దుకుంటే చెల్లదు. నేను మరిచిపోతే "ఏరా" అనేవారు, అంతే. ఆ ఒక్క మాట వీపు మీద పడకుండా ఉండటానికి నా శరీరం నాతో చెప్పకుండానే వంగడం నేర్చుకుంది.

ఫైనల్ సెప్టెంబర్లో ఒక ఆదివారం మధ్యాహ్నం. పొద్దుటినుంచీ ముసురు. గ్రౌండంతా బురద. నాన్న మంకీ క్యాప్, దాని మీద గొడుగు, కింద నా స్నో బూట్లతో వచ్చి డెక్లన్ పక్కనే నిలబడ్డారు. లెక్కల మనిషి కదా, పది నిమిషాల్లో స్కోరు పద్ధతి పట్టేసి డెక్లన్‌కి ఎన్ని పాయింట్ల తేడా ఉందో చెప్పడం మొదలుపెట్టారు. ఇద్దరికీ ఒకరి ఇంగ్లీషు ఒకరికి సగమే అర్థమైందని తర్వాత ఇద్దరూ విడివిడిగా నాతో చెప్పారు.

ఆఖరి నిమిషానికి మేం రెండు పాయింట్లు ముందున్నాం. నమ్మండి, ముందున్నాం. డెక్లన్ టోపీ తీసి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఎదుటివాళ్ళకి గోల్ ఒక్కటే దారి. గ్రౌండు మధ్యనుంచి వాళ్ళలో ఒకడు గట్టిగా కొట్టిన బంతి వానలో పైకి లేచి నా మీదికి దిగింది. దాంతోపాటే గోల్ కొట్టడానికి కాచుకుని ఉన్న వాళ్ళ ఆటగాడు కూడా దిగాడు. యాభై దాటినాయన, హెల్మెట్ ఊచల్లోంచి తెల్లగడ్డం కనపడుతోంది. ఇద్దరం ఢీకొన్నాం. ఆయన నా కాళ్ళ దగ్గర బోర్లా పడ్డాడు. బంతి నా కర్రకి తగిలి బురదలో చచ్చినట్టు ఆగింది, నాకు రెండడుగుల దూరంలో. దాన్ని ఒక్కటి బాది అవతల పారేస్తే రిఫరీ విజిల్ ఊదేస్తాడు. కప్పు డెక్లన్‌ది.

బంతి వైపు అడుగు వేశాను. నా కాలు ఆయన తలకి తగిలింది.

తగిలింది హెల్మెట్‌కే కదా అని మీరనవచ్చు. లోపల తల ఉంది, తెల్లగడ్డం ఉన్న తల. నేను ఆలోచించి చేసిందైతే క్షమించొద్దు. ఆలోచనే లేదు. కర్ర కుడి చేతిలో ఉంది కాబట్టి ముందు దాన్ని ఎడమ చేతికి మార్చాను. అదొక సెకను. వంగి ఆయన హెల్మెట్ తాకాను. రెండో సెకను. చేయి కళ్ళకద్దుకోబోతే నా హెల్మెట్ ఊచలు అడ్డొచ్చాయి. అక్కడైనా మానేయొచ్చు కదా. మానలేదు. ఊచల సందులోంచి రెండు వేళ్ళు దూర్చి, ఒక కన్ను, ఆ పైన రెండో కన్ను, పద్ధతి ప్రకారం అద్దుకున్నాను. కళ్ళు తెరిచేసరికి పెద్దాయన పడుకునే ఉన్నాడు. పడుకునే తన కర్రతో బంతిని మెల్లిగా తోశాడు. అది నా కాళ్ళ మధ్యనుంచి తాపీగా లోపలికి వెళ్ళింది.

గోల్. మూడు పాయింట్లు. విజిల్.

 గెలిచినవాళ్ళకి కూడా కాసేపు అర్థం కాలేదు. అంతలో ఒక్క మనిషి చప్పట్లు కొట్టాడు. గొడుగు చంకలో ఇరికించుకుని, వానలో తడుస్తూ, డెక్లన్ పక్కన నిలబడి మా నాన్న.

డెక్లన్ కుంటుతూ నా దగ్గరికి వచ్చాడు. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే, తెలుగులో చెబుతున్నాను.

"కంట్లో ఏమన్నా పడిందా?" అన్నాడు.

పాపం, ఆయనే నాకు దారి చూపించాడు. అవునంటే అయిపోయేది. ఆ పూటకి నన్ను డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళేవాడు.

"లేదు. ఆయన తలకి నా కాలు తగిలింది," అన్నాను.

"తగిలితే?"

"తాకి దణ్ణం పెట్టుకున్నాను."

 డెక్లన్ చేతిలో ఉన్న టోపీని పిండితే నీళ్ళు కారాయి. దాన్ని నెత్తిన పెట్టుకుని, జెర్సీలు మూటకట్టడానికి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

కార్‌లో నాన్న హుషారుగా ఉన్నారు. ఆట పోతే పోయింది గానీ నువ్వు మాత్రం మర్యాద తప్పలేదురా అన్నారు. ఊళ్ళో ఎవరెవరికి ఫోన్ చేసి చెప్పాలో కూడా లెక్క వేసుకుంటున్నారు. నేను ఆయనతో ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడినవాణ్ణి కాదు. ఆ రోజు కార్ పక్కకి ఆపి నోరా సంగతి చెప్పాను. ఇరవై రెండేళ్ళ సంగతి, అక్టోబర్ సంగతి, అన్నీ చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. నాన్న మంకీ క్యాప్ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ముందే చెప్పొద్దేంట్రా," అన్నారు. "చప్పట్లు కొట్టానే ఆయన పక్కన."

ఆ వారమంతా నాన్న అన్నం సరిగ్గా తినలేదు. ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆయన ఇంటికి తీసుకెళ్ళు అన్నారు. డెక్లన్ ఇంట్లో గోడలన్నీ బోసిగా ఉన్నాయి. అట్టపెట్టెల మధ్య మాకు రెండు కుర్చీలు వేసి తను ఒక పెట్టె మీద కూర్చున్నాడు. నాన్న నిలబడే మాట్లాడారు, క్లాసులో పాఠం చెప్పినట్టు నెమ్మదిగా. కాలు తగిలితే ఏం చేయాలో, ఎందుకు చేయాలో, అది మా అబ్బాయికి నేర్పింది తనేనని, కాబట్టి తప్పు వాడిది కాదు, తనదని.  నేను నేల చూస్తూ కూర్చున్నాను.

డెక్లన్ అంతా విన్నాడు. తల ఊపాడు. మంచి అలవాటే, నోరా ఉంటే దానికి నచ్చేది అన్నాడు. తర్వాత ఏదో ఆలోచిస్తూ గడ్డం గోక్కున్నాడు.

"ఒక్కటి చెప్పండి మాస్టారూ. అది అప్పటికప్పుడే చేయాలా? బంతి కొట్టేసి, ఆ తర్వాత చేయకూడదా?"

నాన్న జవాబు చెప్పబోయి ఆగారు. నలభై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి, తెలియకుండా మాట తూలరు. కిటికీ వైపు చూశారు. ఎంతసేపంటే, నేను మనసులో దేవుణ్ణి వేడుకోవడం మొదలుపెట్టాను, కుదరదని చెప్పించు స్వామీ, శాస్త్రం ఒప్పుకోదని చెప్పించు అని.

"చేయొచ్చండీ," అన్నారు నాన్న. "అలాంటి నియమం ఏమీ లేదు."

డెక్లన్ నవ్వాడు. ఆ సీజన్ మొత్తంలో ఆయన నవ్వగా చూసింది అదొక్కసారే. నవ్వుతూనే లేచి వంటింట్లోకి వెళ్ళాడు, టీ పెడతానని. కుళాయి చాలాసేపు తిరుగుతూనే ఉంది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా కూర్చున్నాం.

అక్టోబర్లో ఆయన వెళ్ళిపోయాడు. మరుసటేడు పదమూడు మంది కాదు కదా, ఏడుగురు కూడా పోగవలేదు, టీము మూతబడింది.

కాబట్టి చదువుతున్న మీ అందరి ఎదుట, కుడి చేయి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట గోల్ ముందు నిలబడ్డప్పుడు నా కాలు ఎంతటి పెద్దవారి తలకి తగిలినా సరే, ముందు బంతిని అవతలికి బాదుతాను, తర్వాతే వంగుతాను. ఈ మాట ఇంతవరకూ ఒక్కసారి కూడా తప్పలేదు. నన్ను మళ్ళీ గోల్‌లో నిలబెట్టినవాళ్ళూ లేరు.